అక్క లాప్‌టాప్‌కి మాట పడిపోయినప్పుడు

అక్క లాప్‌టాప్ తెరిస్తే ముందు చిన్న రాగం ఒకటి వినిపించేది. ఆ వెంటనే ఒక మగగొంతు ఇంగ్లీషులో పలికేది. ఆ శనివారం పొద్దున్న రాగం వచ్చింది గానీ గొంతు రాలేదు. కాసేపటికి మళ్ళీ రాగం. మళ్ళీ నిశ్శబ్దం. అక్క రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టుకుని, తల కాస్త పక్కకి వంచి వింటూ కూర్చుంది.

"ఓసారి ఇలా రావే. తెరమీద ఏవుందో చూడు," అని పిలిచింది.

నేను వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూశాను. నల్లటి తెర మీద కంపెనీ బొమ్మ కనిపించింది. తరవాత రాగం. తరవాత తెరంతా నీలంగా మారి, తెల్లటి అక్షరాలు తళుక్కున మెరిసి, చదివేలోపల ఆరిపోయాయి. మళ్ళీ నల్లటి తెర.

"దానంతటదే ఆగిపోయి మళ్ళీ మొదలవుతోందక్కా."

"మధ్యలో ఏదో వస్తుంది చూడు. అది చదువు."

"ఉండనివ్వట్లేదు. రెప్పవేసేలోపల పోతోంది."

ముందురోజు సాయంత్రమే అందులో కొత్త సిస్టమ్ వేసుకున్నాం. అక్కతో పాటు హైదరాబాదులో ట్రెయినింగ్ తీసుకున్న స్నేహితురాలు సీడీ పంపించింది. కొత్తది వేసుకుంటే ఇంటర్నెట్టు బాగా పనిచేస్తుందనీ, అక్కడ అందరూ వేసుకుంటున్నారనీ చెప్పింది. ఆ పని జరుగుతున్నంతసేపూ లాప్‌టాప్ మాట్లాడదు కాబట్టి నేను పక్కన కూర్చుని తెరమీద వచ్చినవన్నీ చదివి చెప్పాను. అక్క ఏది నొక్కమంటే అది నొక్కాను. అంతా అయిపోయిందని వచ్చాక ఇద్దరం సంతోషంగా లేచి అన్నాలు తిన్నాం.

అక్కకి చూపు లేదు. పుట్టుకతో కాదు. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ముందు మసక చీకట్లో కనపడ్డం తగ్గింది. కాకినాడ తీసుకెళ్తే కంటి వెనక పొర ఎండిపోతోందనీ, దానికి మందు లేదనీ చెప్పారు. డిగ్రీ మధ్యలోకి వచ్చేసరికి అక్షరాలు పోయాయి. నాన్న మా చిన్నప్పుడే చనిపోయారు. అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. పగలు స్కూలు, ఇంటికొస్తే ఇంటిపని. దాంతో అక్కకి పుస్తకాలు చదివి వినిపించే పని నాకు వచ్చింది. నేను హైస్కూల్లో ఉండగానే డిగ్రీ చరిత్రా, అర్థశాస్త్రం పైకి చదివేశాను. అర్థమయ్యేది కాదు. అక్క మాత్రం ఒకసారి వింటే చాలు, పట్టుకునేది. అలాగే బీఈడీ చేసింది, పరీక్ష రాసి గవర్నమెంటు టీచరయింది. అల్లవరం దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో సోషల్ చెప్పేది.

ఉద్యోగం వచ్చాక సెలవు పెట్టి హైదరాబాదు వెళ్ళి, చూపులేనివాళ్ళకి కంప్యూటరు నేర్పే చోట నేర్చుకుని, ఈ లాప్‌టాప్‌తో తిరిగొచ్చింది. తెరమీదున్నదాన్ని పైకి చదివే ప్రోగ్రాం అందులో ఉండేది. దానికి తెలుగు రాదు. అందుకని అక్క పాఠాలన్నీ తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టుకునేది. ఆ గొంతు వాటిని దొర చదివినట్టు చదివేది. గోదావరిని 'గొడవరి' అనేది. అమ్మ వంటింట్లో పనిచేసుకుంటూ, "అదేంటే, మన ఏరుని పట్టుకుని గొడవంటాడు," అని నవ్వేది. నాకైతే పెద్ద విడుదల. అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి ఇంటికొచ్చాక, నా గొంతు నాది. అక్క పని అక్క చేసుకునేది.

ఆ శనివారం అక్క లాప్‌టాప్ అలాగే వదిలేసి స్కూలుకి వెళ్ళింది. సాయంత్రం వర్షంలో తడిసి వచ్చింది. తల తుడుచుకోమని అమ్మ తువ్వాలిచ్చినా తీసుకోకుండా కుర్చీలో కూర్చుండిపోయింది.

"మంగళవారం డీఈవో ఆఫీసునుంచి ఒకాయన వస్తున్నారట. నా టెన్త్ క్లాసు చూడ్డానికి," అంది.

"మంచిదే కదమ్మా," అంది అమ్మ.

"మంచిది కాదమ్మా. ఎవరో తల్లిదండ్రులు అర్జీ పెట్టేరంట. కళ్ళు కనపడని పంతులమ్మ పబ్లిక్ పరీక్షల పిల్లలకి ఏం చెప్తుంది, వేరేవాళ్ళని వెయ్యండీ అని. హెడ్మాస్టరు గారు పక్కకి పిలిచి చెప్పేరు. ఏవనుకోకండమ్మా, ఆ రోజు కాస్త బాగా తయారై రండి అన్నారు."

అమ్మ తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడింది. ఆ పాఠాలన్నీ లాప్‌టాప్‌లో ఉన్నాయని మా ముగ్గురికీ తెలుసు. టెక్స్ట్‌బుక్కులో ఉన్నదానికంటే ఎక్కువే, రకరకాల పుస్తకాల్లోంచి ఏరుకుని, క్లాసులో పిల్లలు అడిగే ప్రశ్నలతో సహా రాసి పెట్టుకుంది అక్క.

వెంటనే హైదరాబాదు స్నేహితురాలికి ఫోన్ చేశాం. ఆవిడకీ చూపు లేదు. సెల్‌ఫోను స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచాం. లాప్‌టాప్ మొదలవుతుండగా ఒక మీట నొక్కుతూ ఉంటే ఒక జాబితా వస్తుందనీ, అందులో తనంతటతాను మళ్ళీ మొదలవకుండా ఆపే మాట ఉంటుందనీ, దాన్ని ఎంచుకుంటే నీలం తెర ఆగుతుందనీ ఆవిడ చెప్పింది. తెర చూసేది నేను. అందులో మాటలకి అర్థం తెలిసినది వాళ్ళిద్దరికి. నేను ఒక్కో లైనూ చదువుతుంటే వాళ్ళు కిందికి, ఇంకా కిందికి, అది కాదు, దాని పైది అంటున్నారు. మీట కాస్త ముందు నొక్కితే జాబితా రాదు, కాస్త ఆలస్యమైతే మళ్ళీ రాగం. మధ్యలో కరెంటు పోయింది. బ్యాటరీ ఎంతసేపు ఉంటుందో తెలియదు.

"సరిగ్గా చూడవే," అంది అక్క.

"చూస్తూనే ఉన్నాను కదా."

"చూస్తే ఎందుకు చెప్పవు? ఒక్క లైను చదవడానికి ఇంతసేపా?"

"ఎన్నేళ్ళనుంచి చదువుతున్నాను అక్కా! ఇంకా ఎంతని చదవను?"

అలా అనాలని అనుకోలేదు. మాట బయటికొచ్చేసింది. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుంది. బయట కొబ్బరాకుల మీద వాన పడుతోంది. తరవాత అక్క మామూలు గొంతుతో, "నువ్వు నొక్కు. నేను రాగం అయినప్పట్నుంచి లెక్కపెట్టి ఎప్పుడో చెప్తాను," అంది.

ఈసారి కుదిరింది. నీలం తెర ఆగింది. దానిమీద ఉన్న ఇంగ్లీషంతా నిదానంగా చదివాను. చివర్లో ఏ ఫైలు దగ్గర ఆగిపోయిందో రాసుంది. దాని పేరు ఒక్కో అక్షరమే పలికాను. ఫోన్లో ఆవిడ "అయ్యో," అంది.

"ఏమైందండి?" అని అడిగాను.

"అది మన చదివే ప్రోగ్రాం తాలూకు ఫైలేనమ్మా. తెరమీదున్నదాన్ని పట్టుకుని గొంతుకి అందించేది అదే. కొత్త సిస్టమ్‌తో దానికి పడ్డంలేదు."

అంటే లాప్‌టాప్‌ని లేవనివ్వకుండా అడ్డుపడుతున్నది అక్కకి చదివిపెట్టేదే. ఆ తరవాత ఏం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు. మా బ్యాటరీ కూడా అయిపోయింది.

మర్నాడు ఆదివారం. అమ్మని ఒక్కదాన్నే చర్చికి పంపి, లాప్‌టాప్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అక్కా నేనూ అమలాపురం వెళ్ళాం. అమ్మ వెళ్తూ, "ప్రార్థనలో పెడతాను," అంది. "కంప్యూటరు బాగవ్వాలని ప్రార్థనేంటమ్మా, అందరూ నవ్వుతారు," అంది అక్క. "నేను కంప్యూటరు కోసం అనలేదు," అని అమ్మ గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

గడియారస్తంభం దగ్గర్లో కంప్యూటర్లు బాగుచేసే షాపొకటి మధ్యాహ్నం దాకా తెరిచి ఉంచుతారని మా కాలేజీలో ఎవరో చెప్పారు. షాపాయన మర్యాదస్తుడు. అక్కని చూడగానే లేచి కుర్చీ వేశాడు.

"ఫార్మాట్ కొట్టేస్తే అయిపోద్దండి, టీచర్ గారు. గంటలో ఇచ్చేస్తాను."

"ఫార్మాట్ వద్దండి. అందులో నా పాఠాలన్నీ ఉన్నాయి. అన్నీ పోతాయి," అంది అక్క.

"ఆయ్. అయితే చూద్దామండి."

ఫైలు పేరు చెప్పాం. ఆయన లాప్‌టాప్‌ని మామూలుగా కాకుండా, అవసరమైనవి మాత్రమే పనిచేసే పద్ధతిలో లేపి, లోపల వెతికి ఆ ఫైలుని తీసేశాడు. ఆపి మళ్ళీ వేశాడు. రాగం వచ్చింది. నీలం తెర రాలేదు. రంగురంగుల తెర నిలబడింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"బాగయిపోయిందండి! చూసుకోండి," అని లాప్‌టాప్‌ని అక్క వైపు తిప్పాడు.

అక్క చేతులు చాచి కీబోర్డు అందుకుంది. ఒక మీట నొక్కింది. ఇంకోటి నొక్కింది. ఆగింది.

"మాట్లాడ్డంలేదండీ," అంది.

"సౌండ్ ఉందండి. ఇదుగో వినండి," అని ఆయన ఒక పాట పెట్టాడు. షాపంతా పాట మోగింది. మంచి గొంతే, పెద్దగా, స్పష్టంగా. అక్క పాట అయ్యేదాకా ఆగలేక ఆయన చేతిని వెతికి పట్టుకుని, "ఆపండి, ఆపండి," అంది. నేను అర్థమయ్యేలా చెప్పాను: పాట కాదండి, తెరమీద రాసున్నదాన్ని చదివే గొంతు. అది లేకపోతే ఆవిడకి ఇందులో ఏమీ లేనట్టే.

ఆయన కాసేపు తల గోక్కున్నాడు. ఆ ప్రోగ్రాంని మళ్ళీ వేసి చూశాడు. మళ్ళీ నీలం తెర. మళ్ళీ తీసేశాడు.

"అది తీస్తేనే మిషన్ లేస్తందండి. పెడితే పడిపోతంది. మీకేమో అదే కావాలాయె." తరవాత నా వైపు చూసి మెల్లగా అన్నాడు. "చూసేవారు పక్కనుంటే వాడుకోవచ్చండి. ఫైళ్ళన్నీ ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అక్క లేచి నిలబడి, "చాలా కష్టపడ్డారండి," అని చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. జల్లు లోపలికి కొడుతోంది, కిటికీ మూయనా అని అడిగితే వద్దంది. చాలాసేపటికి, "కళ్ళున్నవాళ్ళకి బాగయిందే అది," అంది.

ఇంటికొచ్చాక హైదరాబాదు స్నేహితురాలే ఫోన్ చేసింది. అక్కడ ఇంకొందరికీ ఇలాగే జరిగిందట. కొత్త సిస్టమ్‌కి సరిపోయే చదివే ప్రోగ్రాం ఇంకా చేతికి రాలేదట. పాత సిస్టమ్‌కి తిరిగి వెళ్ళడం ఒక్కటే దారి. ఆ సీడీలు కొరియర్లో పంపిస్తానంది. తనవల్లే ఇదంతా జరిగిందని ఏడ్చింది. అక్క ఆవిణ్ణి ఓదార్చింది. సీడీలు మంగళవారంలోపు అందవని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మళ్ళీ పాత రోజులు వచ్చాయి. నేను తెర ముందు, అక్క గోడకి ఆనుకుని కింద. తెరమీద ఉన్నది తెలుగే గాని ఇంగ్లీషు అక్షరాల్లో, అక్క తనకోసం కుదించుకుని రాసుకున్నది. సగం మాటలు నాకు అందలేదు. తప్పు చదివితే అక్క సరిచేసేది, నేను మళ్ళీ చదివేదాన్ని. ఇద్దరం పెద్ద గొంతుతో మాట్లాడకుండా జాగ్రత్త పడుతున్నాం. ఆ జాగ్రత్తే నాకు ఎక్కువ బాధగా ఉంది. సోమవారం కాలేజీకి సెలవు పెట్టాను. అక్క స్కూలునుంచి వచ్చేసరికి చదవాల్సినవన్నీ వరసగా తెరిచి ఉంచాను. నదుల పాఠం, దానిమీద ప్రశ్నలు, పంటల లెక్కల పట్టికలు. పట్టికలు చదవడం మొదలుపెట్టాక అక్క, "ఇక చాల్లే. అవి బుర్రలో నిలవవు," అని ఆపేసింది.

మంగళవారం అమ్మ పట్టుబట్టడంతో నేనూ స్కూలుకి వెళ్ళాను. "లోపలికి మాత్రం రాకు," అంది అక్క. పదో తరగతి గది పక్కన వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. కిటికీలోంచి అంతా వినిపిస్తోంది. వచ్చినాయన వయసులో పెద్దాయన, కఠినంగా ఏమీ లేడు. క్లాసులో వెనక కూర్చుని విన్నాడు. కాసేపయ్యాక అడిగాడు.

"మ్యాపు మీద ఎలా చూపిస్తారమ్మా, పిల్లలకి?"

గోడకి మ్యాపు వేలాడుతోంది. అక్క దానివైపు వెళ్ళలేదు. "అందరూ అట్లాసులు తియ్యండి," అంది. కాయితాల చప్పుడు. "నాసిక్ ఎక్కడుందో వేలు పెట్టండి. దానికి పక్కనే త్రయంబకం. అక్కణ్ణించి కుడివైపుకి, కాస్త కిందికి జరపండి. నాందేడ్ వచ్చిందా? ఇంకా జరపండి. బాసర. ఇప్పుడు మన రాష్ట్రంలోకి వచ్చేరు..." భద్రాచలం, రాజమండ్రి, ధవళేశ్వరం దాకా తీసుకొచ్చింది. అక్కడ ఆగి, ఇక్కడ ఏరు చీలుతుంది, ఒక వేలు సరిపోదు, ఇంకో వేలు కూడా పెట్టండి అంది. పిల్లలు నవ్వారు. బయట కూర్చున్న నేను కూడా తెలియకుండానే బెంచీ మీద రెండు వేళ్ళు పెట్టాను.

అంతవరకూ బాగానే ఉంది. ఆయన టెక్స్ట్‌బుక్కు తిరగేసి, ఆనకట్ట కింద సాగయ్యే పంటల పట్టికలోంచి ఒక లెక్క అడిగాడు. అక్క ఒక అంకె చెప్పబోయి ఆగింది.

"ఆ లెక్కలు నా లాప్‌టాప్‌లో ఉన్నాయండి. రోజూ దాన్ని విని వస్తాను. నాలుగు రోజులనించి అది పనిచెయ్యట్లేదు."

"మిషన్ పనిచెయ్యకపోతే పాఠం ఆగిపోద్దామ్మా?" అన్నాడాయన. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. అందుకే అది ఎక్కువ తగిలిందనుకుంటాను. అక్క, "పాఠం ఆగలేదండి. లెక్క ఆగింది," అంది. ఆయన ఏదో రాసుకున్నాడు.

బయటికొచ్చి నన్ను చూసి, "మీరు వారి చెల్లెలా అమ్మా? రోజూ మీరే తీసుకొస్తారా?" అని అడిగాడు.

"లేదండి. ఇవాళే వచ్చాను. రోజూ తనే వస్తుంది."

ఆయన తలూపాడు గానీ నమ్మినట్టు లేడు. అక్క గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకోలేదు.

సీడీలు ఆ వారం చివర్లో వచ్చాయి. పాత సిస్టమ్ వెయ్యాలంటే లాప్‌టాప్ మొత్తం ఖాళీ చెయ్యాలి. అందుకని ముందు షాపాయన దగ్గరికి వెళ్ళి ఫైళ్ళన్నీ సీడీల్లోకి ఎక్కించుకున్నాం. ఏవి ఉంచాలో చూడ్డానికి నేను ఒక్కో ఫోల్డరు దగ్గరా ఆగాను. "పేర్లు చదువు చాలు, తెరవకు," అంది అక్క. పాఠాలు, పరీక్ష పేపర్లు, స్కూలు పనులు. తరవాత పేరు లేకుండా ఒట్టి చుక్కలు మాత్రం పెట్టిన ఫోల్డరు ఒకటుంది. "చుక్కలున్నదొకటి ఉందక్కా," అన్నాను. "అదీ ఎక్కించు," అంది. ఎక్కించాను. తెరవలేదు. ఇన్నేళ్ళలో నేను చదవకుండా అక్క చేతికి ఏ కాయితమూ వెళ్ళలేదు, లాప్‌టాప్ వచ్చేదాకా. నాకు తెలియని మాటలు అక్కకి ఉంటాయని అప్పటిదాకా ఆలోచించలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే పాత సిస్టమ్ వేశాం. నేను చదువుతూ, అక్క చెప్తూ. అది అయ్యాక చదివే ప్రోగ్రాం వేసి, ఆపి మళ్ళీ మొదలుపెట్టాం. రాగం వచ్చింది. కాసేపటికి ఆ మగగొంతు వచ్చింది. చిన్నపిల్లలకి చెప్తున్నట్టు ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా పలికింది. అక్క కళ్ళు తుడుచుకుంది. అమ్మ గుమ్మంలోంచి, "వచ్చేడా!" అని అరిచింది.

కొత్తగా వేస్తే ఆ గొంతు నెమ్మదిగానే మొదలవుతుందట. అక్క మీటలు నొక్కుతూ వేగం పెంచుకుంటూ పోయింది. మొదట ప్రతి మాటా నాకూ తెలిసింది. ఇంకాస్త పెంచితే అక్కడొకటి ఇక్కడొకటి తెలిసింది. ఇంకా పెంచింది. గింజలు చాటలో ఆడించినట్టు గలగల తప్ప నాకేమీ వినపడలేదు. అక్క తలూపుతూ వింటోంది.

"ఇక నువ్వు వెళ్ళవే. నేను చూసుకుంటాను," అంది.

లేచి వచ్చేశాను. వెనక పెరట్లో అమ్మ పక్కన కూర్చున్నాను. బరువు దిగింది. దానితోపాటు ఇంకేదో కూడా జరిగింది గాని, దానికి నేను పేరు పెట్టలేను. అక్క నన్ను పొమ్మనడం నాకు బాధ కలిగించిందా అంటే, కొంచెం కలిగించింది.

ఆఫీసునుంచి కాయితం కొన్నాళ్ళకి వచ్చింది. అక్కని ఎవరూ ఏమీ అనలేదు. పాఠం చెప్పే తీరు బాగుందని కూడా రాశారు. కాకపోతే పబ్లిక్ పరీక్షలు దృష్టిలో పెట్టుకుని పదో తరగతిని వేరే టీచరుకి ఇచ్చి, అక్కకి ఆరు, ఏడు తరగతులు ఇస్తే మేలని సూచించారు. హెడ్మాస్టరు గారు అలాగే చేశారు. అక్క ఎదురు చెప్పలేదు. ఆ రోజు అన్నం దగ్గర, "చిన్నపిల్లలు బాగానే అల్లరి చేస్తారు," అని మాత్రం అంది. అమ్మ ఆ పూట సరిగ్గా తినలేదు.

ఆ తరవాత అక్క బ్రెయిలీ గట్టిగా పట్టుకుంది. పెద్దయ్యాక చూపు పోయినవాళ్ళ వేళ్ళకి అది తొందరగా రాదు. అంతకుముందు కొంత నేర్చుకుని, లాప్‌టాప్ వచ్చాక వదిలేసింది. ఇప్పుడు రోజూ సాయంత్రం పలక ముందేసుకుని మందపాటి కాయితం మీద టకటకమని చుక్కలు పొడిచేది. లెక్కల పట్టికలన్నీ ముందు వాటిలోకే ఎక్కించుకుంది. లాప్‌టాప్ వాడ్డం మానలేదు గానీ, ఎవరు ఏ కొత్త సీడీ పంపినా పెట్టెలో పడేసి, ముందు వేరేవాళ్ళకి బాగా నడవనివ్వండి అనేది.

రెండేళ్ళకి కాబోలు, పదో తరగతి సోషల్ టీచరుకి రాజోలు ట్రాన్స్‌ఫరయింది. ఒక సాయంత్రం హెడ్మాస్టరు గారు మా ఇంటికి వచ్చారు. అమ్మ టీ ఇచ్చింది. ఆయన టీ తాగి గ్లాసు కింద పెట్టి, కాస్త ఇబ్బందిగానే, "రేపట్నుంచి టెన్త్ మీరే తీసుకోవాలండి, టీచర్ గారు. వేరేవారు లేరు," అన్నారు.

వేరేవారు ఉండుంటే ఇచ్చేవారు కాదన్నమాట. నాకు ఒళ్ళు మండింది. అక్క మొహంలో ఏమీ మారలేదు.

"ఆయ్, అలాగేనండి," అంది. "ఎన్నో పాఠం దాకా అయ్యిందండీ?"